ఒక వింగర్, రెండు క్లబ్బులు, 4.75 కోట్ల పౌండ్లు: కుర్రాడి కొనుగోలు మీద ఇంత రభస ఎందుకు?

2023 సెప్టెంబర్ 1. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల కొనుగోళ్లకు ఆ వేసవిలో అదే ఆఖరి రోజు. గడువు ముగిసే వేళకు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్ తన 22 ఏళ్ల వింగర్ (మైదానం అంచున దాడి చేసే ఆటగాడు) బ్రెనన్ జాన్సన్‌ను లండన్‌లోని టోటెన్‌హామ్‌కు అమ్మేసింది. ధర 4.75 కోట్ల పౌండ్లు అని పత్రికలు రాశాయి. మన డబ్బుల్లో 500 కోట్లకు కాస్త తక్కువ. ఆరేళ్ల ఒప్పందం.

ఫారెస్ట్ అభిమానులకు అది ఇంటి పిల్లాణ్ణి పంపించేసినట్టే. అతను పుట్టింది నాటింగ్‌హామ్‌లో. తండ్రి డేవిడ్ జాన్సన్ కూడా ఒకప్పుడు అదే క్లబ్‌కు గోల్స్ కొట్టినవాడు. బ్రెనన్ ఎనిమిదేళ్ల వయసులో అకాడమీలో చేరాడు. టోటెన్‌హామ్ వైపు చూస్తే ఆనందం ఉంది కానీ, అందులో సగం అనుమానమే. దాదాపు మూడు వారాల ముందే వాళ్ల హ్యారీ కేన్ బయెర్న్ మ్యూనిక్‌కు వెళ్లిపోయాడు. 280 గోల్స్ కొట్టిన మనిషి పోయిన ఇంట్లోకి ఈ కుర్రాడు అడుగుపెట్టాడు.

ఇలాంటి కొనుగోలు జరిగిన ప్రతిసారీ ఒకే వాదన నడుస్తుంది. ఎక్కువ పెట్టారని కొందరు, చవగ్గా వచ్చాడని ఇంకొందరు. మూడేళ్లు ఆగితే తెలుస్తుందని ఓ మూల నుంచి ఎవరో అంటారు, ఆ మాట ఎవరూ వినరు. నాకు అర్థమైనంతలో, ఈ గొడవలో చాలా భాగం ఆటగాడి గురించి కాదు, ఆ అంకె గురించి. పైగా అందరూ ఒకే అంకె గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటారు గానీ, ఆ అంకె వెనుక నాలుగైదు వేర్వేరు అంకెలున్నాయి.

## ఐపీఎల్ వేలం లెక్కతో చూస్తే పొరపాటు ఎక్కడ?

మనలో చాలామంది ఫుట్‌బాల్ ధరలను ఐపీఎల్ కళ్లద్దాలతో చూస్తాం. రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు కొన్నదంటే, ఆ 27 కోట్లు సీజన్‌కు పంత్ జీతం. వేలం పాట ఆగిన అంకె ఆటగాడి ఖాతాలోకే పోతుంది.

ఫుట్‌బాల్‌లో అలా కాదు. ట్రాన్స్‌ఫర్ ఫీజు అమ్మిన క్లబ్‌కు వెళ్తుంది. ఆటగాడికి ఇంకా కాంట్రాక్ట్ మిగిలి ఉంది కాబట్టి, దాన్ని రద్దు చేసుకుని వదిలిపెట్టినందుకు ఇచ్చే పరిహారం అది. జీతం వేరే లెక్క. అందువల్ల '4.75 కోట్ల పౌండ్ల ఆటగాడు' అన్న ముద్ర జాన్సన్ నెత్తిన పడింది కానీ, ఆ డబ్బు అతని జేబులోకి రాలేదు. ఆ ధరను నిర్ణయించిందీ అతను కాదు. గోల్ పోస్టు ముందు బంతి పక్కకు పోయినప్పుడు జనం గుర్తుచేసేది మాత్రం ఆ అంకెనే.

ఐపీఎల్‌లో దీనికి దగ్గరి పోలిక కావాలంటే 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్య గుజరాత్ నుంచి ముంబయికి మారిన తీరు చూడాలి. అది వేలం కాదు, రెండు ఫ్రాంచైజీల మధ్య నగదు బేరం. ఆ తర్వాతి మార్చిలో మైదానాల్లో అతనికి ఎలాంటి స్వాగతం దొరికిందో ఉప్పల్ స్టేడియానికి వెళ్లినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

## చెప్పిన ధర, కట్టే ధర

పత్రికలో వచ్చే అంకె ఒకేసారి చేతులు మారడం అరుదు. సాధారణంగా వాయిదాల్లో కడతారు. 2019లో అట్లెటికో మాడ్రిడ్ 19 ఏళ్ల జోవావ్ ఫెలిక్స్‌ను బెన్ఫికా నుంచి కొన్నప్పుడు కాంట్రాక్ట్‌లో రాసుకున్న విడుదల ధర 12 కోట్ల యూరోలు. ప్రకటించిన మొత్తం మాత్రం 12.6 కోట్లు. ఆ పైన 60 లక్షలు ఏమిటంటే, వాయిదాల్లో కడుతున్నందుకు పడిన ఆర్థిక భారం. మనం ఫ్రిజ్ ఈఎంఐలో కొంటే రేటు పెరిగినట్టే.

రెండోది, షరతుల మీద కట్టే సొమ్ము. 2015 సెప్టెంబర్ 1న మాంచెస్టర్ యునైటెడ్ 19 ఏళ్ల ఆంథోనీ మార్షియల్‌ను మొనాకో నుంచి తెచ్చుకుంది. ముందుగా ఇచ్చేది 5 కోట్ల యూరోలు, షరతులన్నీ నెరవేరితే 8 కోట్ల దాకా. గోల్స్ సంఖ్య, ఫ్రాన్స్ జట్టుకు ఆడిన మ్యాచ్‌లు, ప్రపంచ మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారం, వీటికి ముడిపెట్టిన ముక్కలు అవి. మర్నాడు ఇంగ్లిష్ పత్రికలు పెద్ద అంకెనే పట్టుకున్నాయి. అంతకుముందు సీజన్‌లో ఫ్రెంచ్ లీగ్‌లో 9 గోల్స్ కొట్టిన కుర్రాడికి ఇంతా అని వెక్కిరించాయి. కానీ ఆ పెద్ద అంకె కట్టాల్సి వస్తే అర్థం ఏమిటి? కుర్రాడు ప్రపంచంలోనే మేటి ఆటగాళ్ల సరసన చేరాడనే. అప్పుడు కట్టడానికి ఏ క్లబ్ ఏడుస్తుంది?

ఆ డబ్బు మొత్తం మొనాకోకూ మిగల్లేదు. అంతకు రెండేళ్ల ముందు మార్షియల్‌ను దాదాపు 50 లక్షల యూరోలకు అమ్మిన లియోన్, తర్వాత వచ్చే లాభంలో 20 శాతం తనదని ముందే రాయించుకుంది. 4.5 కోట్ల లాభంలో 20 శాతం అంటే 90 లక్షలు. ఇంకా కిందికి వెళ్తే ఫిఫా నియమం ఒకటుంది. దేశాలు దాటే ట్రాన్స్‌ఫర్ ఫీజులో 5 శాతం దాకా, ఆటగాడిని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం. మార్షియల్ చిన్నప్పుడు పారిస్ శివార్లలో లే జులిస్ అనే చిన్న క్లబ్‌కు ఆడాడు. థియరీ ఆన్రీ, పాట్రిస్ ఎవ్రా ఆడింది కూడా అక్కడే. ఈ లెక్కలోకి వచ్చేవి అక్కడి రెండు సీజన్లు. 5 కోట్లలో అర శాతం, అంటే రెండున్నర లక్షల యూరోలు. మొనాకోకు అది చిల్లర. లే జులిస్ లాంటి క్లబ్‌కు మాత్రం ఒక మైదానం బాగుపడుతుంది.

## పద్దు పుస్తకంలో ఆ కుర్రాడి విలువ

ఇప్పుడు అసలు చిక్కుముడి. క్లబ్ లెక్కల పుస్తకంలో ఆటగాడు ఆస్తి. ఫ్యాక్టరీలో యంత్రం కొంటే దాని ఖరీదును అది పనిచేసే ఏళ్లకు విభజించి ఖర్చుగా రాస్తారే, సరిగ్గా అలాగే ఫీజును కాంట్రాక్ట్ ఏళ్లకు పంచుతారు.

జాన్సన్ లెక్క వేద్దాం. 4.75 కోట్లు, ఆరేళ్లు. ఏడాదికి సుమారు 79 లక్షల పౌండ్లు. కట్టింది ఎప్పుడు, వాయిదాలెన్ని అన్నదానితో దీనికి సంబంధం లేదు. పద్దులో పడేది మాత్రం ఏటా 79 లక్షలు. రెండేళ్ల తర్వాత పుస్తకంలో మిగిలే విలువ 3.17 కోట్ల దరిదాపుల్లో. అంతకంటే ఎక్కువకు అమ్మితే లాభం, తక్కువకు అమ్మితే నష్టం.

చెల్సీ ఈ లెక్కను సాగదీసి 2023 జనవరిలో ఉక్రెయిన్ వింగర్ మిఖైలో ముద్రిక్‌కు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం ఇచ్చింది. ఏళ్లు పెరిగేకొద్దీ ఏటా పడే ముక్క చిన్నదవుతుంది కదా. అది చూసి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ, కాంట్రాక్ట్ ఎంత పొడవైనా ఖర్చును ఐదేళ్లకు మించి పంచకూడదని 2023 వేసవి నుంచి కట్టడి పెట్టింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బులు అదే నియమాన్ని ఆ ఏడాది డిసెంబర్‌లో ఒప్పుకున్నాయి. ఈ రెండు తేదీల మధ్యలో సంతకం పెట్టిన జాన్సన్ విషయంలో ఒక తమాషా ఉంది. ఇంగ్లండ్ లెక్కలో ఏడాదికి 79 లక్షలు, యూరప్ లెక్కలో 95 లక్షలు. ఒకే మనిషి, ఒకే బేరం, రెండు ఖర్చులు.

సొంత అకాడమీలో పెరిగిన ఆటగాడికి కొన్న ధర అంటూ లేదు. పుస్తకంలో అతని విలువ సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే. లెక్కల వాళ్లకు ఇది పండగ, అభిమానులకు గుండెకోత. 2023లో చెల్సీ తమ అకాడమీ బిడ్డ మేసన్ మౌంట్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మినప్పుడు స్టాండ్స్‌లో రేగిన మంట ఇదే. అప్పటినుంచి బయటి కుర్రాడు ఎవరైనా వస్తున్నాడంటే, అతనికి బదులు మనవాళ్లలో ఎవరు పోతారన్న భయం కూడా వెంటే వస్తుంది.

## రెండు నెలలు ఆగినందుకు నాలుగు పాయింట్లు

అప్పట్లో ప్రీమియర్ లీగ్‌లో పీఎస్‌ఆర్ (లాభం, నిలకడ నియమాలు) అని పిలిచే నిబంధన ఉండేది. మూడేళ్లలో క్లబ్ నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు, అంటే ఏడాదికి మూడున్నర కోట్లు. ఆ మూడింటిలో ఏదైనా ఏడాది కింది డివిజన్‌లో గడిపితే దానికి 1.3 కోట్లే. ఫారెస్ట్ రెండేళ్లు కింద, ఒక ఏడాది పైన ఉంది కాబట్టి దాని హద్దు 3.5, 1.3, 1.3 కలిపి 6.1 కోట్లు.

ఫారెస్ట్ ఆ హద్దును 3.45 కోట్లు దాటింది. లెక్కల గడువు 2023 జూన్ 30. జాన్సన్‌ను అమ్మింది సెప్టెంబర్ 1న. పుస్తకంలో సున్నా విలువ ఉన్న కుర్రాడి మీద వచ్చిన 4.75 కోట్లు జూన్‌లోనే వచ్చి ఉంటే గొడవే లేదు.

క్లబ్ వాదన ఇది: జూన్‌లో వచ్చిన బేరాలు తక్కువవి. తొందరపడి అగ్గువకు అమ్మేస్తే మా ఆర్థిక స్థితి ఇంకా దిగజారేది. రెండు నెలలు ఆగి మంచి ధర తెచ్చుకున్నాం, నిబంధన ఉద్దేశం కూడా క్లబ్బుల ఆరోగ్యమే కదా. ఈ మాటలో పస లేదని నేననను. కోతకు ముందే పంటను దళారికి అమ్ముకున్న రైతును అడిగితే గడువు చేసే నష్టమేమిటో చెప్తాడు.

విచారణ జరిపిన స్వతంత్ర కమిషన్ ఒప్పుకోలేదు. గడువు మీకు ముందే తెలుసు, ఆగడం మీరు కోరి చేసిన వ్యాపార నిర్ణయం, మిగిలిన క్లబ్బులు ఇష్టం లేకపోయినా అదే గడువులోగా ఆటగాళ్లను అమ్ముకున్నాయి అన్నది దాని తర్కం. ఆరు పాయింట్లు కోయాల్సింది, విచారణకు సహకరించినందుకు రెండు తగ్గించి నాలుగు కోసింది. 2024 మార్చిలో తీర్పు వచ్చింది, మే నెలలో అప్పీలు కొట్టేశారు. ఫారెస్ట్ 32 పాయింట్లతో 17వ స్థానంలో నిలిచి, కింది డివిజన్‌కు జారకుండా ఎలాగో బతికి బయటపడింది.

కుర్రాణ్ణి అమ్మినందుకు ఏడ్చిన అభిమానులే, ముందే అమ్మనందుకు ఏడవాల్సి వచ్చింది.

## రెండు నిమిషాల వీడియో, ఒక సీజన్ గణాంకాలు

సంతకం అయిన అరగంటలో అభిమాని చేసే మొదటి పని యూట్యూబ్‌లో కుర్రాడి పేరు కొట్టడం. సంగీతం పెట్టి అతికించిన ఆ వీడియోలో ఎవడైనా వీరుడే. రెండో పని గోల్స్ లెక్కపెట్టడం. 2022-23లో జాన్సన్ ప్రీమియర్ లీగ్‌లో 8 గోల్స్ కొట్టాడు. ఎక్కువా, తక్కువా?

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక కుర్రాడు సీజన్‌లో 60 సార్లు గోల్‌కు గురిపెట్టాడు, ప్రతి షాటూ గోలయ్యే అవకాశం పదింట ఒకటి. సగటున 6 గోల్స్ రావాలి. కానీ కేవలం అదృష్టం వల్లే 2 రావచ్చు, 10 రావచ్చు. నైపుణ్యంలో వీసమెత్తు తేడా లేకుండానే ఒక ఏడాది దండగ మనిషి, మరుసటి ఏడాది దేశం కోరే ఆటగాడు. పదేళ్లుగా ఆడుతున్నవాడికి ఈ ఒడుదొడుకులు ఒకదానికొకటి సర్దుకుపోతాయి. 22 ఏళ్లవాడి దగ్గర అన్ని సీజన్లు ఉండవు. కాబట్టి అభిమానులు విడిపోవడం సహజం. సాక్ష్యం తక్కువున్నచోట అభిప్రాయం ఎక్కువుంటుంది.

జట్టు మారితే ఆట కూడా మారుతుంది. ఫారెస్ట్ వెనక్కి తగ్గి కాచుకుని, ఖాళీ దొరకగానే ముందుకు దూసుకెళ్లే జట్టు. జాన్సన్ వేగానికి అక్కడ పరుగెత్తడానికి చోటుంది. కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూ నడిపిన టోటెన్‌హామ్ బంతిని తనే అట్టిపెట్టుకునేది, ఎదుటి జట్లు పెనాల్టీ బాక్స్ ముందు గోడ కట్టేవి. అక్కడ వింగర్ పని వేరు. ఎదుటి వింగ్ నుంచి క్రాస్ వస్తుంటే దూరపు పోస్టు దగ్గరికి సరిగ్గా వేళకు చేరడం. చూడ్డానికి ఏమీ ఉండదు. పైగా వచ్చిన నెలలోనే తొడ కండరం పట్టేసి అతను పక్కన కూర్చున్నాడు. మొదటి సీజన్ ముగిసేసరికి లీగ్‌లో 5 గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు 10.

టోటెన్‌హామ్ అభిమానులు రెండుగా చీలింది ఇక్కడే. డ్రిబ్లింగ్ లేదు, డిఫెండర్‌ను తప్పించలేడు, మ్యాచ్‌లో సగం సేపు కనబడడు అన్నది ఒక వాదన. వేళకు చోటుకు చేరడమే అన్నిటికంటే కష్టమైన విద్య, అది నేర్పితే రాదు అన్నది ఇంకొకటి. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు. మొదటివాళ్లు తొంభై నిమిషాల ఆట చూస్తున్నారు, రెండోవాళ్లు స్కోరు బోర్డు చూస్తున్నారు.

యాజమాన్యం మీది కోపం కూడా దీనికి తోడైంది. డబ్బు తీయరని తిట్టేదీ వాళ్లే, ఇంత పోశారేమిటని తిట్టేదీ వాళ్లే కదా అని బయటివాళ్లు నవ్వుతారు. నిజానికి అందులో వైరుధ్యం లేదు. కేన్‌ను అమ్మిన సొమ్ముతో కేన్ స్థానంలో ఆడే స్ట్రైకర్‌ను తేవాలన్నది వాళ్ల కోరిక, వచ్చింది వింగర్. కొనే చేతి మీద నమ్మకం లేనప్పుడు ఎంతకు కొన్నా తప్పే అవుతుంది.

## ఇన్‌స్టాగ్రామ్ మూసిన వారం

2024 సెప్టెంబర్ 15న టోటెన్‌హామ్ సొంత మైదానంలో ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడింది. ఆ తర్వాత జాన్సన్ మీద సోషల్ మీడియాలో పడిన తిట్లు ఎంతంటే, అతను ఇన్‌స్టాగ్రామ్ ఖాతానే మూసుకున్నాడు. మూడు రోజుల తర్వాత లీగ్ కప్‌లో కొవెంట్రీ మీద ఇంజురీ టైమ్‌లో, 92వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టాడు. అక్కడి నుంచి వరుసగా ఆరు మ్యాచ్‌ల్లో గోల్స్. ఆ సీజన్ మొత్తంలో 18 గోల్స్, జట్టులో అందరికంటే ఎక్కువ.

2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావ్‌లో యూరోపా లీగ్ ఫైనల్. టోటెన్‌హామ్ 1, మాంచెస్టర్ యునైటెడ్ 0. 42వ నిమిషంలో పడిన ఆ గోల్ జాన్సన్‌దే, అదీ మన భాషలో చెప్పాలంటే తోసుకుంటూ పడ్డ గోల్. సహచరుడు పేప్ సార్ వేసిన క్రాస్‌ను జాన్సన్ అందుకోబోయాడు, బంతి డిఫెండర్ ల్యూక్ షాకు తగిలి గీత దాటింది. సెల్ఫ్ గోలా, అతని గోలా అని కాసేపు తర్జనభర్జన పడి చివరికి అతని పేరే రాశారు. 17 ఏళ్లలో క్లబ్‌కు దక్కిన మొదటి ట్రోఫీ అది. అదే సీజన్‌లో లీగ్‌లో 17వ స్థానంలోకి జారిపోయింది కూడా ఆ జట్టే.

దీన్నిబట్టి ఓపిక పట్టినవాడిదే గెలుపని తీర్మానించేయకండి. మార్షియల్ సంగతి తిరగేసి చూడండి. లివర్‌పూల్ మీద తొలి మ్యాచ్‌లోనే, మనకు రాత్రి పన్నెండు కావస్తుండగా అతను కొట్టిన గోల్ చూసి, వెక్కిరించిన పత్రికలను ఎదురు వెక్కిరిస్తూ అభిమానులు పాటే కట్టారు. తొమ్మిది సీజన్లు ఉన్నాడు. 317 మ్యాచ్‌లు, 90 గోల్స్. 2024లో కాంట్రాక్ట్ ముగిసి పైసా ఫీజు లేకుండా వెళ్లిపోయేసరికి ఆ పాట పాడే ఓపిక చాలామందికి లేదు. ఫ్రెంచ్ వింగర్ ఉస్మాన్ డెంబెలేదింకో కథ. 2017లో 20 ఏళ్లవాడికి బార్సిలోనా 10.5 కోట్ల యూరోలు ముందుగా పోసింది. గాయాలతో ఏళ్లు గడిచాయి. పారిస్‌కు సగం ధరకు పోయాడు. అక్కడ 2025లో ఛాంపియన్స్ లీగ్, ఆపైన బాలన్ డోర్. అతని మీద బార్సిలోనా అభిమానులు 2017లో పెట్టుకున్న ఆశ తప్పా, ఒప్పా?

## అదే వేసవిలో, అదే ఫారెస్ట్‌లో

జాన్సన్ అమ్మకానికి అయిదు వారాల ముందు ఫారెస్ట్ మరో కుర్రాణ్ణి కొన్నది. మాంచెస్టర్ యునైటెడ్ వదులుకున్న 21 ఏళ్ల స్వీడన్ వింగర్ ఆంథోనీ ఎలాంగా. 1.5 కోట్ల పౌండ్లు, ఐదేళ్ల ఒప్పందం. జాన్సన్‌కు జరిగిన చర్చలో పదో వంతు కూడా అతనికి జరగలేదు. 2025 ఏప్రిల్ 1న పాత క్లబ్ మీదే, సొంత సగం నుంచి బంతితో ఒంటరిగా పరుగెత్తి గోల్ కొట్టి ఫారెస్ట్‌ను గెలిపించాడు. ఆ జూలైలో న్యూకాసిల్ అతన్ని 5.2 కోట్లకు కొన్నది, షరతులు కలిస్తే 5.5 కోట్లు.

లెక్క వేయండి. 1.5 కోట్లు, ఐదేళ్లు, ఏడాదికి 30 లక్షలు. రెండేళ్లలో 60 లక్షలు ఖర్చుగా పోయాయి, పుస్తకంలో మిగిలింది 90 లక్షలు. 5.2 కోట్లలోంచి అది తీసేస్తే లాభం 4.3 కోట్లు. అంటే సొంత అకాడమీ బిడ్డ జాన్సన్ మీద వచ్చిన దానికి కేవలం 45 లక్షలు తక్కువ. ఇక న్యూకాసిల్ అభిమానుల ముందున్నది జాన్సన్ కంటే పెద్ద అంకె.